సత్తెమ్మత్త నీళ్ళు పోసిన గుంత

చదవేస్తే ఉన్న మతి పోయిందని మా తాత అంటుంటే, అది ఎవరో వేరేవాళ్ళ గురించి అనుకునేవాణ్ణి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేతికొచ్చిన ఆరు నెలలకు అది నా గురించేనని రుజువైంది. ఆ రుజువు దెబ్బకు పూటకు ఆరు లీటర్లిచ్చే బర్రె ఒకటి బేరగాడి బండి ఎక్కబోయింది. మా మామ వారం రోజులు నాతో మాట్లాడలేదు. నా చదువంతా చివరికి ఆ బర్రె నాలుకకే రుచిగా తగిలింది. తొందరపడి నవ్వకండి, వరుసగా చెబుతాను, అప్పుడు నవ్వుదురు గాని.

సత్తెమ్మత్త మా నాన్నకు అక్క. ఉప్పుగూడలో రైలు పట్టాల పక్కన ఆమెకూ రాజయ్య మామకూ ఒక ఇల్లు, ఇంటిని ఆనుకుని కొట్టం, కొట్టంలో నాలుగు బర్రెలు. చుట్టూ నగరమంతా ధగధగలాడుతున్నా ఆ ఇంటికి మాత్రం కరెంటు లేదు. జాగా మీద పాలివాళ్ళతో పంచాయితీ, కాగితాలు కోర్టులో, కాగితం లేనిదే మీటర్ రాదు. రాత్రి పక్కింటి కిటికీలోంచి పడే వెలుతురులో అత్త గుడ్డలు మడతపెట్టుకునేది. అలాంటి ఇంటికి ఒక జనరేటర్ వచ్చింది. సెకండ్ హ్యాండే గాని గొంతు మాత్రం కొత్తది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు నడిపేవాళ్ళు. బోరు నీళ్ళు, గడ్డి కోసే మిషను, లైట్లు, పాలు పిండడం, అన్నీ ఆ ఐదు గంటల్లోనే.

దాన్ని చూసి కొనిపెట్టింది శాలిబండలో మోటార్లు చుట్టే గఫూర్ చాచా. ముప్పై ఏళ్ళుగా అదే దుకాణం, అదే స్టూలు. బిగించడం అయ్యాక ఆయన మామతో ఒక మాటన్నాడు.

"రాజయ్యన్నా, అన్నీ మంచిగున్నయ్. ఎర్తింగ్ ఒక్కటి బాకీ ఉంది. నేను వచ్చి చేసిపెడ్త."

ఎర్తింగ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. యంత్రం ఒంట్లోంచి కారే కరెంటు మన ఒంట్లోంచి పోకుండా, తీగ కట్టి నేరుగా భూమిలోకి దారి చూపించడం. అంతే. కానీ నేను డిప్లొమా చేతపట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను గదా.

"చాచా, మీకెందుకు తక్లీఫ్. నేను చదివింది గిదే," అన్నాను.

చాచా కళ్ళద్దాల పైనుంచి నన్నొకసారి చూశాడు.

"అచ్ఛా. జర విను మియా. గుంత ఆరడుగులు తవ్వు. రాడ్ దించు. బొగ్గు, ఉప్పు ఎయ్యి. మట్టి ఎప్పటికీ తడి ఉండాలె. షార్ట్‌కట్ నక్కో, వద్దంటే వద్దు."

"చాచా, గివన్నీ సెకండియర్ల చదివిన."

"చదివినవ్. తవ్వినవా?"

నేను నవ్వేశాను. అత్త మాత్రం మెరిసే కళ్ళతో నన్నే చూస్తోంది. మా వంశంలో పాస్ సర్టిఫికెట్ అనేది నాతోనే మొదలు. తన తమ్ముడి కొడుకు తన ఇంటికి కరెంటు పని చేయబోతున్నాడని ఆ సాయంత్రంలోగా పాలు పోయించుకునే ప్రతి గడపకూ చెప్పి వచ్చింది.

మర్నాడు ఉస్మాన్‌గంజ్ వెళ్ళి ఒక సంచి రాళ్ళుప్పు, ఒక సంచి బొగ్గు కొని ఆటోలో దొరబాబులా దిగాను. అత్త గడ్డపార అందిస్తూ చెప్పింది.

"బిడ్డా, గుంత ఆ పెంటకుప్ప పక్కన తవ్వు. ఆడ మట్టి మెత్తగుంటది. ఎండకాలం గూడ తడి ఆరది."

"అత్తా, ఎర్తింగ్ అంటే శాస్త్రం. పెంట పక్కన ఎవలన్న పెడ్తరా?"

"ఏమైతది? శాస్త్రానికి వాసనొస్తదా?"

"చూడనీకి వచ్చేటోళ్ళకు వస్తది."

అత్త నవ్వుతూ పక్కకు జరిగింది. తన ఇంట్లో తనకంటే తెలిసినవాడు ఒకడు దొరికాడని ఆమెకు నిజంగానే సంతోషం. ఆ సంతోషమే తర్వాత నన్ను ఎక్కువగా కాల్చింది. నేను మాత్రం గేటు ఎదురుగా, వచ్చేపోయేవాళ్ళకు బాగా కనబడే చోట, ముగ్గుతో గీత గీసి మరీ మొదలుపెట్టాను.

మొదటి అడుగు మట్టి. రెండో అడుగు మొరం. ఆ కింద గడ్డపార టంగుమంది. ఇటు జరిగి పొడిస్తే టంగు, అటు జరిగి పొడిస్తే టంగు. కొండను తవ్వి ఎలుకను పట్టారని పెద్దలంటారు, నేను ఎలుక బొరియంత తవ్వి కొండను పట్టాను. రెండు రోజులు ఆ బండతో కుస్తీ పట్టాను. అరచేతులు బొబ్బలెక్కాయి, బండకు మాత్రం గీత పడలేదు. పెంటకుప్ప పక్కన మెత్తటి మట్టి నన్ను చూస్తూనే ఉంది. కానీ అటు జరగాలంటే "నువ్వే కరెక్ట్ అత్తా" అనే మూడు ముక్కలు నా నోట్లోంచి రావాలి. అంతకంటే బండను నమలడమే సులువనిపించింది.

రెండో రోజు సాయంత్రం అత్త పాలు పోయడానికి వెళ్ళింది, మామ దాణా కోసం పోయాడు. అప్పుడు నా కన్ను కొట్టంలోని ఇనుప పైపు మీద పడింది. గోడ పొడవునా ఉంటుందది. మిగతా మూడు బర్రెలకూ చెక్క గుంజలు, పగ్గాలు. గౌరి మాత్రం పగ్గాలు తెంపే రకం కాబట్టి దాన్ని గొలుసుతో ఆ పైపుకు కట్టేవారు. అది నీళ్ళు తాగే ఇనుప తొట్టి కూడా ఆ పైపుకే వెల్డింగ్ చేసి ఉంది. ఇనుము, పాతిన ఇనుము, ఇంకేం కావాలి అనుకున్నాను. జనరేటర్ తీగను ఇటుకల కిందుగా తీసుకెళ్ళి, ఎవరికీ కనబడకుండా ఆ పైపుకు బిగించాను.

మరి గుంత సంగతి? వదిలేస్తే పరువేం కాను. రెండడుగుల గుంతలో సంచెడు ఉప్పు, సంచెడు బొగ్గు పోశాను. పైన సిమెంటు మూత పెట్టాను. మూతలోంచి జానెడు తీగ ముక్క ఒకటి బయటికి తొంగిచూసేలా గుచ్చాను. అది ఎక్కణ్ణించీ రాదు, ఎక్కడికీ పోదు. ఎర్ర రంగుతో 'ఎర్త్' అని రాసి, ఫొటో తీసి, ఫోన్లో స్టేటస్ పెట్టాను. నలభై మంది చూశారు, ఆరుగురు చప్పట్ల బొమ్మ పంపారు.

అత్త వచ్చి చూసి చేతులు జోడించింది. మూతకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. ఆపైన అడిగింది.

"బిడ్డా, చాచా తడి ఉండాలె అన్నడు గదా. రోజు నీళ్ళు పొయ్యాల్నా?"

ఇక్కడ, చదువరీ, నేను వద్దని ఉండాల్సింది. ఒక్క మాట. నోరు తిరగని వాడైనా అనగలిగిన మాట.

"రోజుకొక బిందె పొయ్యాలె అత్తా," అన్నాను.

అలా పోయడం మొదలుపెట్టింది. వానొచ్చినా, ఒళ్ళు వెచ్చబడినా, పొద్దున్నే స్నానం చేసి, బోరు నీళ్ళు బిందెలో పట్టి, ఆ గుంత మీద పోసి, దండం పెట్టుకున్నాకే టీ తాగేది. నేను వెళ్ళినప్పుడల్లా ఆ దండం చూసి మొహం తిప్పుకునేవాణ్ణి. వారానికి అదీ అలవాటైపోయింది. సిగ్గుకు కూడా మొదటి వారమే పదును ఎక్కువ.

అప్పుడే గౌరి మారిపోయింది. పాలు పిండబోతే వెనక కాలు ఎత్తి విదిలించేది. తొట్టి దగ్గరికి వెళ్ళి మూతి ఆనించి, ఉలిక్కిపడి వెనక్కి జరిగేది. అత్త ఎంత నిమిరినా పాలు చేపేది కాదు, పొదుగులో ఉన్నది ఉన్నట్టే బిగబట్టుకునేది. ఆరు లీటర్లు నాలుగై, నాలుగు ఒకటిన్నర అయింది. అత్త మిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. పశువుల డాక్టర్ వచ్చి టానిక్ రాసి, రోగమేమీ కనబడటం లేదని చెప్పి పోయాడు. మామ దర్గాకు వెళ్ళి తాయెత్తు తెచ్చి గొలుసుకు కట్టాడు. ఇంతమందిలో సలహా ఇవ్వకుండా ఉండటం బాగుండదని నేను కూడా ఒకటిచ్చాను, ఎండలు ఎక్కువగా ఉన్నాయని.

"ఎండిపోయిన బర్రెకు దాణా దండుగ," అన్నాడు మామ ఒకరోజు. "బేరగాడితోని మాట్లాడిన. గురువారం పొద్దుగూకే యాళ్ళకు బండి తెస్తడు."

గౌరి ఆ కొట్టంలోనే పుట్టింది. పుట్టిన మూడో రోజే తల్లి పోతే, అత్త సీసాతో పాలు పట్టి, తన మంచం కోడుకు కట్టుకుని పెంచింది. ఆ మాట వినగానే ఆమె ఏడవలేదు, లొల్లి చేయలేదు. చీపురు పక్కన పెట్టి, "గురువారం దాక దాని జోలికి రాకు," అని మాత్రం అంది. ఆ తర్వాత ఆమె చేసిన పనులు గుర్తొస్తే ఈరోజుకీ లేచి నిలబడాలనిపిస్తుంది.

సోమవారం సాయంత్రం డీజిల్ అయిపోయి, పాలు పిండే వేళకు జనరేటర్ ఆగిపోయింది. చీకట్లో, టార్చి వెలుతురులో గౌరి బకెట్ నింపేసింది. మామ తాయెత్తు మహిమ అనుకున్నాడు. అత్త మాత్రం జనరేటర్ వైపు చూసింది. మంగళవారం పొద్దున జనరేటర్ నడుస్తుండగా పిండింది, ఒకటిన్నర. సాయంత్రం కావాలనే ఆపించి పిండింది, ఐదు. బుధవారం పొద్దున ఇంకో మెట్టెక్కింది. గౌరిని పగ్గంతో చెక్క గుంజకు కట్టి, నుదుట తెల్ల మచ్చ ఉన్న చుక్క అనే బర్రెను తెచ్చి గౌరి గొలుసు వేసింది. జనరేటర్ నడుస్తూనే ఉంది. గుంజ దగ్గర గౌరి నిమ్మళంగా పాలిచ్చింది. ఏనాడూ తోక కూడా గట్టిగా ఊపని చుక్క, గొలుసు వేసిన కాసేపటికి కాలు విదిలించింది.

కాలేజీ ల్యాబులో మేము రీడింగులు పక్కవాడి పుస్తకంలోంచి ఎక్కించుకునేవాళ్ళం. బడి గడప తొక్కని మా అత్త మాత్రం ఒక్కో పూట ఒక్కోటే మార్చి, మూడు రోజుల్లో సంగతిని మూలకు తెచ్చింది. తెచ్చి నాకు ఫోన్ చేసింది.

"శీనూ, నీ కరెంటుకు, మా గౌరికి ఏమన్న పంచాయితీ ఉన్నదా?"

పంచాయితీ ఏమిటో నాకు వెంటనే తెలిసింది. ఆ పైపుకు తీగ కట్టింది నేనే గదా. అయినా పరిగెత్తుకుంటూ వెళ్ళి, జేబులోంచి టెస్టర్ తీసి, పెద్ద డాక్టరులా పైపుకు ఆనించాను.

"చూడు అత్తా. వెలుగుతలేదు. కరెంటు లేదు."

అత్త టెస్టర్ చూడలేదు. నా కాళ్ళ వైపు చూసింది.

"నీకు బూట్లున్నయి బిడ్డా. నాకు రబ్బరు చెప్పులున్నయి. మీ మామకు గంబూట్లున్నయి. గౌరికి ఏమున్నయి? దాని నాలుగు కాళ్ళు తడి నేల మీదనే ఉన్నయి."

అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు. టెస్టర్ జేబులో పెట్టుకుని, ఎందుకైనా మంచిది ఇంకో డాక్టర్‌కు చూపించమని సలహా ఇచ్చి ఇంటికొచ్చాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇందులో గొప్పేం లేదు, మర్నాడు పొద్దున రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నాను.

గురువారం మధ్యాహ్నం అత్త నాతో చెప్పకుండా షేర్ ఆటో ఎక్కి శాలిబండకు వెళ్ళి గఫూర్ చాచాను వెంటబెట్టుకొచ్చింది. రమ్మని కబురొస్తే నేను కూడా వెళ్ళాను. చాచా జనరేటర్ నడిపించాడు. కరెంటు కొలిచే మీటర్ తీసి, ఒక పుల్ల గౌరి గొలుసుకు, ఇంకో పుల్ల గౌరి కాళ్ళ కింది తడి నేలకు పెట్టాడు. ముల్లు కదిలింది.

"నాలుగు వోల్టులు," అన్నాడు. "మనిషికి తెల్వది. టెస్టర్‌కు తెల్వది. బర్రెకు మాత్రం మూతి ఆనిస్తే సూది గుచ్చినట్టుంటది. సత్తెమ్మా, మీటర్ లేకుండ గిది ఎట్ల పట్టినవ్?"

"గొలుసు మార్చి చూసిన."

చాచా ఆ చెక్క గుంజనూ, గొలుసునూ, అత్తనూ వరుసగా చూశాడు. "మా దుకాణంల కూర్చోవాలె నువ్వు," అని, నా వైపు తిరిగాడు. "ఎర్తింగ్ చేసినవ్ గదా మియా. మరి గిది పైపులకు ఎట్ల వచ్చింది? గడ్డి మిషన్ కొంచెం లీక్ కొడ్తది, అది గుంతలకే పోవాలె. గుంత చూపియ్యి."

"గుంత ఎందుకు మంచిగుండదు చాచా," అంది అత్త. "నెల దాటింది, రోజు తప్పకుండ నీళ్ళు పోస్తున్న."

చాచా వంగి మూత మీద చెయ్యి వేశాడు. అటు గేటు దగ్గర మామ బేరగాడితో ఫోన్లో మాట్లాడుతున్నాడు, బండి బయల్దేరిందట. గౌరి గొలుసు లాగుతూ అత్త వైపే చూస్తోంది. నేను వెళ్ళి చాచా చెయ్యి పట్టుకున్నాను.

"తెరవకు చాచా," అన్నాను. "అండ్ల ఏం లేదు."

"ఏం లేదంటే?"

"ఉప్పు, బొగ్గు. రెండడుగుల కింద బండ తగిలింది. తీగ పైపుకు కట్టిన. మూత మీదిది ఉత్త ముక్క."

చాచా ఆ ముక్కను రెండు వేళ్ళతో పట్టి లాగాడు. ముగ్గురికీ కనబడేలా జానెడు తీగ ఊడి చేతిలోకొచ్చింది.

"పైపు గోడ సిమెంటులనే ఆగింది, భూమిలకు పోలె," అన్నాడు చాచా నెమ్మదిగా. "గొలుసు గౌరి మెడల ఉంది. గౌరి కాళ్ళు నేల మీద ఉన్నయి. అంటే నువ్వు భూమికి తీగ కట్టలే మియా. బర్రెకు కట్టినవ్. ఇన్నొద్దులు ఈ ఇంటికి ఎర్తింగ్ గౌరినే. పెద్ద లీకే అయ్యుంటే అది పడిపోయేది. పట్టుకోనీకి ఉరికిన సత్తెమ్మ గూడ పడిపోయేది."

నేను అత్త మొహంలోకి చూడలేకపోయాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. ఆమె ఆ మూతనూ, మూత మీద తాను పెట్టిన బొట్లనూ చూసి ఒకటే అడిగింది.

"మరి నేను రోజు బిందె ఎవలికి పోసిన?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. గడ్డపార తెచ్చి నా చేతిలో పెట్టి, పెంటకుప్ప వైపు చూపించింది.

"తవ్వు."

తవ్వాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు, ఆ రోజు అడుసు తొక్కనన్నందుకు నడుము దాకా అడుసులో దిగాను. అత్త చెప్పినట్టే గడ్డపార వేసిన చోటల్లా దిగిపోయింది, ఆరడుగుల దాకా రాయన్నది తగల్లేదు. వాసన మాత్రం శాస్త్రానికి కూడా వచ్చింది. చాచా రాడ్ దించి, దుకాణం నుంచి తెప్పించిన కొత్త బొగ్గు, ఉప్పు వేయించి, పైపుకున్న తీగ విప్పి ఇటు బిగించాడు. గడ్డి మిషను విప్పి చూసి, లీకున్న చోట చుట్టాడు. మీటర్ మళ్ళీ గొలుసుకు పెడితే ముల్లు కదలలేదు.

సరిగ్గా అప్పుడే బేరగాడి బండి గేటు ముందు ఆగింది. మామ ఇబ్బందిగా, "ఒక్క పూట ఆగన్నా, పాలు పిండి చూస్తం," అన్నాడు. బేరగాడు బీడీ ముట్టించుకుని గోడకు ఆనుకున్నాడు. జనరేటర్ నడుస్తోంది, లైట్లు వెలుగుతున్నాయి, గౌరి మెడలో అదే గొలుసు, అదే పైపు. పెంటలోంచి లేచిన నన్ను ఎవరూ దగ్గరికి రానివ్వలేదు కాబట్టి దూరంగానే నిలబడ్డాను.

గౌరి తొట్టి దగ్గరికి వెళ్ళి ఆగింది. మూతి సగం దూరం చాపి వెనక్కి తీసుకుంది. మళ్ళీ చాపింది. ఈసారి ఆనించి, అట్లాగే ఉంచి, తొట్టి సగం ఖాళీ అయ్యేదాకా తాగింది. అత్త బకెట్ పెట్టుకుని కూర్చుని, దాని కడుపుకు తల ఆనించి, ఏదో చిన్నగా మాట్లాడుతూ నిమిరింది. గౌరి కాలు ఎత్తలేదు. కాసేపటికి బకెట్‌లో పాల ధార చప్పుడు మొదలైంది, ఇక ఆగలేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకుందామంటే చేతులు ఆ స్థితిలో లేవు.

బేరగాడు బకెట్‌లోకి తొంగిచూశాడు. "ఇదేనా ఎండిపోయిన బర్రె?"

"ఎండింది బర్రె కాదన్నా, మా అల్లుని అకల్, వాని తెలివి," అంది అత్త తల తిప్పకుండా. "గిప్పుడే తడి చేసినం."

బండి ఖాళీగా వెళ్ళిపోయింది. మామ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు నేను వెళ్ళేసరికి, కడగడానికి విప్పిన గౌరి గేటు దగ్గరి పాత గుంత మూతను మూతితో పక్కకు నెట్టి, లోపలి రాళ్ళుప్పును తన్మయంగా నాకుతోంది. దాని మూతి నిండా బొగ్గు మసి. మామ దాన్ని ఆపకుండా చేతులు కట్టుకుని చూస్తూ, వారం తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు.

"నీ చదువు రుచిగనే ఉన్నట్టున్నది అల్లుడా."

కాబట్టి సదరు గౌరి సాక్షిగా, గఫూర్ చాచా మీటర్ మీద చెయ్యి వేసి, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ ఒంట్లో ప్రాణం ఉన్నంతవరకు ఏ తీగకూ ఏ పశువుకూ చుట్టరికం కలపను. ముప్పై ఏళ్ళు పని చేసినవాడు ఆరడుగులంటే ఐదు ముప్పావు దగ్గర ఆగను. నేల సంగతి ఆ నేల ఊడ్చేవాళ్ళనే అడుగుతాను, వాళ్ళు పెంటకుప్ప చూపిస్తే ముక్కు మూసుకోకుండా దిగుతాను.

అత్త నన్ను తిట్టలేదు, ఈరోజుకీ తిట్టలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే పెంటకుప్ప పక్కన గుంతకు నీళ్ళు పోస్తోంది. కాకపోతే నేను అక్కడ ఉన్న రోజు, బిందె ఎత్తాక ఒక్క క్షణం ఆగి, ఎంతో మర్యాదగా అడుగుతుంది.

"బిడ్డా, గిండ్ల తీగ ఉన్నదా?"